గ్లవ్‌బాక్స్ మూత మీద పసుపు

అన్నా,

మొన్న రాయదుర్గం దగ్గర నీ కొత్త స్పోర్ట్స్ కారు నా చేతికిచ్చి "ఎట్లుందే?" అని అడిగితే తాళం నీ చేతిలో పెట్టి దిగిపోయాను. ఇప్పుడు చెప్తున్నా, చాలా బాగుంది. బటన్ నొక్కగానే సీటు నా కాళ్ల కొలతకు జరిగింది. నాన్న పాత రెండు తలుపుల కూపే కారులో సీటు తుప్పుపట్టి ఆయన కొలతకే బిగుసుకుపోయింది కదా. ఆయన పోయాక నేను వీపు వెనక దిండు పెట్టుకుని నడిపేదాన్ని.

దాన్ని అమ్మేశావని కోపం లేదు. దాని డ్యాష్‌బోర్డులోని గ్లవ్‌బాక్స్ మూత ఒక్కటీ దక్కితే చాలనుకున్నాను. ప్రతి దసరాకు నాన్న దాని లోపలివైపు పసుపు అద్దిన బొటనవేలు ఒత్తేవాడు. పాత ముద్రలు ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదు. నిన్న పుప్పాలగూడ వెళ్లి, కారు కొన్నాయన్ని బతిమాలి మూత తెరిపించాను. లోపల అద్దంలా మెరుస్తోంది.

"మీ అన్ననే మంచిగ పాలిష్ కొట్టించి ఇచ్చిండమ్మా," అన్నాడాయన సంబరంగా.

నాన్న బండి మురికిగా పోవద్దనే చేయించి ఉంటావు. నాకు తెలుసు.

ఈ దసరాకు నీ కారుకు పసుపు బొట్టు బదులు స్టిక్కర్ అంటించకు. పసుపు నేను కలుపుతాను. నీ బొటనవేలు కూడా నాన్నదంత వెడల్పే.

నీ చెల్లి