ఇంకా ముగ్గురికి చదివి వినిపించవలసి ఉన్నది

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారికి కదిరి నివాసి మార్కండేయ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సోషియాలజీ పరిశోధక విద్యార్థిని కీ.శే. త్రివేణి రిజిస్ట్రేషను రద్దు చేయకుండుట, మిగిలిన పని పూర్తి చేయుటకు ఆమె భర్తనగు నాకు అనుమతి ఇచ్చుట గురించి.

1. మే 9వ తేదీ ఉదయం ఆరున్నర బస్సుకు నా భార్య త్రివేణి తనకల్లు వెళ్లింది. పదకొండు దాటాక పొలాల దారిలో వడదెబ్బ తగిలి పడిపోయింది. మారెక్క అనే రైతు కడవ నీళ్లు ఆమె మీద పోసి, ఆటోలో కదిరి ఆసుపత్రికి చేర్చింది. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు త్రివేణి చనిపోయింది. మరణ ధ్రువీకరణ పత్రం జతపరచడమైనది.

2. వర్షాధార సేద్యం చేసే నలభై మంది ఆడవాళ్ల బతుకు ఆమె పరిశోధన. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం పెట్టి వాళ్లు చెప్పింది రాసుకొని, కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి వాళ్లకే చదివి వినిపించేది. మా వైపు పుస్తకం పట్టుకొని ఎవరొచ్చినా కరువు పరిహారం రాసుకునేవాళ్లే అనుకుంటారు. అందుకే మొదటిసారి అందరూ పంట పోయిందనే చెప్పారు. బయమ్మ అనే ఆమె రెండోసారి విని, "అది కొట్టేయ్ పాపా. నువ్వు పరిహారం రాసేదానివనుకొని చెప్పినా. శెనక్కాయ బాగానే వచ్చినాది. అమ్మిందంతా నా మొగుడు తాగేసినాడు. అది రాయి" అన్నదట.

3. ముప్పై ఏడు మందికి చదవడం పూర్తయింది. మారెక్క, నారాయణమ్మ, తిప్పమ్మ మిగిలారు. వాళ్ల పుస్తకాల్లో ఇప్పటికీ పంట పోయిందనే ఉంది.

4. క్షేత్రపని అసంపూర్తి గనుక రిజిస్ట్రేషను రద్దు చేయనున్నట్లు తమ కార్యాలయం జూన్ 3న లేఖ పంపింది. నేను స్వయంగా వచ్చి విచారించగా సెక్షనులో ఒకరు, "ముగ్గురే కదన్నా. వేలిముద్రలు ఏయించుకొని రా. చదివినావో లేదో ఎవరు చూసొచ్చినారు?" అన్నారు. వారిపై ఫిర్యాదు కాదు. అయితే ఇందులోని ప్రతి మాటా చెప్పినవారికి చదివి వినిపించబడినది అని త్రివేణి ముందుమాటలో ముందే టైపు చేసి పెట్టుకుంది. ఆ వాక్యం అబద్ధం కాకూడదు.

5. ఈ అంశం అర్జీకి అవసరం లేదు. అయినా రాస్తున్నాను. నేను బీకాం. పట్టుచీరల అంగట్లో గుమాస్తాను. ఆ రోజు ఉదయం ఆమెతో, "ఏడేండ్లాయ. ఈ సదువుకు ఉద్యోగం యాడుండాది?" అన్నాను. ఆమె జడ వేసుకుంటూ, "లెక్చరర్ ఉండాది, హాస్టల్ వార్డెన్ ఉండాది, సర్వేలు ఉండాయి. నీకేం కావాలో చెప్పప్పా. ఏదీ రాకుంటే నీ అంగట్లో చీరలు మడతపెడతాలే" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె వెళ్లిన తరువాత చూస్తే గొడుగు తలుపు వెనకే వేలాడుతూ ఉంది. బస్టాండు మా ఇంటికి ఐదు నిమిషాల నడక. బస్సుకు ఇంకా పావుగంట ఉంది. కోపంలో ఉన్నాను. తీసుకుపోలేదు.

6. కావున రద్దు ఉత్తర్వు నలభై ఐదు రోజులు నిలిపి, నేను చదివి వినిపించడాన్ని ఆమె చదివినట్లుగానే పరిగణించవలసినదిగా కోరుతున్నాను. గ్రంథం సమర్పించే బాధ్యత గైడు సుబ్బరత్నమ్మ గారు తీసుకుంటానన్నారు. డాక్టరేటు ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న తమ కార్యాలయానికి ఉంటే, ఎవరికీ ఇవ్వనక్కరలేదు. ఆమె పేరు జాబితాలో ఉంటే చాలును.

పై సంగతులు తమరు దయతో చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు
మార్కండేయ
కదిరి, జూన్ 11

మరొక మనవి: తమ జవాబు వచ్చేదాకా ఆగలేను. నిన్న మారెక్క ఫోన్ చేసి, "చదివి వినిపిస్తానని వస్తా వస్తా పడిపోయినాది. నా పుస్తకంలో ఏముందో నాకు తెలియాల నాయనా" అన్నది. రేపు ఉదయం ఆరున్నర బస్సుకు తనకల్లు వెళ్తున్నాను. గొడుగు తీసుకుపోతాను. మారెక్క ముందు కూర్చొని, త్రివేణి రాసింది మొదటి నుంచీ చదువుతాను. ఆమె కొట్టేయమన్నది కొట్టేస్తాను.