వెలగని ల్యాంపు, తేటపడ్డ నీళ్లు

ఫిబ్రవరి 3

అత్తయ్యకు ఇన్‌ఫెక్షన్. నిన్నటి నుంచి యాంటీబయోటిక్, రోజుకు రెండు. ల్యాబ్‌లో నేను నీళ్లలో కలిపి నాశనం చేసే మందు కూడా అదే. ఇంట్లో అది పనిచెయ్యాలి, ల్యాబ్‌లో అది చావాలి. ఏం బతుకో!

ఫిబ్రవరి 5, ఉదయం 11

ల్యాబ్‌లో ప్రయోగం పెట్టెలోని ల్యాంపు కాలిపోయింది. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంటే వెలుగుతోందనుకున్నాను. మూత తీస్తే లోపలంతా చీకటి.

తీరా చూస్తే బీకరులో మందు కలిపిన పసుపురంగు నీళ్లు తేటపడి ఉన్నాయి. వెలుతురు తగిలితే మేం తయారుచేసిన పౌడరు నీళ్లలోని మందును ముక్కలు చేస్తుందని నాలుగేళ్లుగా ఊదరగొడుతున్నాను. మరి చీకట్లో ఏం చేసినట్టు? ఒళ్లంతా చిల్లులున్న పౌడరు. స్పాంజిలా పీల్చి దాచుకుందా?

పదమూడున ఫైనల్ సెమినార్. అది అయిపోతే డాక్టరేట్ వచ్చినట్టే.

ఫిబ్రవరి 6

కొత్త ల్యాంపు వేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 8

గైడ్ గారు గ్రాఫ్ ముద్దొస్తోందన్నారు. రిటైరయ్యేలోపు నాదే ఆఖరి థీసిస్ అట, మచ్చ లేకుండా ఇంటికెళ్లిపోతానన్నారు. తలూపాను.

అత్తయ్య జ్వరం తగ్గలేదు. మందు పనిచెయ్యట్లేదేమో, ఎల్లుండి అడ్మిట్ చేద్దామన్నారు డాక్టరు.

ఫిబ్రవరి 9

అత్తయ్య కళ్లజోడు తుడుద్దామని దాని డబ్బా తెరిచాను. పదకొండు మాత్రలు!

మింగితే కడుపులో తిప్పుతోందట. నేను అటు తిరగ్గానే అందులో పడేస్తోందట. అసలే అలిసి సొలిసి వస్తావు, నీకు చెప్పి ఇంకా బాధపెట్టడం దేనికే అంది.

కోపం నషాళానికంటింది. అరవబోయి ఆగిపోయాను. ఏ మొహం పెట్టుకుని అరవను?

డాక్టరు ఫోన్‌లోనే చీవాట్లు పెట్టారు. భోజనం చేశాక వెయ్యాలట, కోర్సు మళ్లీ మొదటి నుంచి.

ఫిబ్రవరి 10

ల్యాంపు బాగా వెలిగిన రోజుల్లో వాడిన పౌడరు సీసాల్లో ఉంది. తీసి ఆల్కహాల్‌తో కడిగాను. మందంతా చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. వేసినదాంట్లో తొంభై తొమ్మిది శాతం. వెలుతురులోనూ ముక్కలు చెయ్యలేదు, పీల్చి దాచుకుందంతే.

తిన్నగా వెళ్లి గైడ్ గారికి చెప్పేశాను. సెమినార్ ఆపేద్దామన్నారు. గుమ్మం దాటుతుంటే పిలిచి ల్యాంపు ఎప్పుడు పోయిందని అడిగారు. ఐదో తారీఖున అన్నాను.

ఐదు రోజులు పట్టిందా అమ్మా, అన్నారు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 17

మందునీళ్లలో పౌడరును ల్యాంపు కింద ఎప్పటిలా గంట కాదు, రెండు రోజులు ఉంచి కడిగాను. పదిహేను శాతం మందు బయటికి రాలేదు. పదిహేనే. కానీ అది దాక్కోలేదు, నిజంగానే పోయింది.

అత్తయ్య మాత్ర మింగింది. నేనడక్కుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది.