పెదనాన్న రేడియో పెట్టె

నందికొట్కూరు,
కార్తీకం, 1957.

అక్క కృష్ణవేణికి, తమ్ముడు మహానంది నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. పెదనాన్న కూడా కులాసాగానే ఉన్నాడు, అదే నా బాధ. బెజవాడలో నువ్వు వేళకు తింటున్నావో లేదోనని అమ్మకు ఒకటే దిగులు.

రేడియో బాగయిందా అని అడిగావు. అయింది. కానీ దాన్ని విప్పిన రోజు తలచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. యుద్ధానికి ముందు కొన్న పెట్టె కదా, మూగబోయినా సరే పెదనాన్న ఏటా ఆయుధపూజకు దానికి పసుపూ కుంకుమా పెట్టి, దాని నెత్తినే టెంకాయ కొట్టాడు. ఆ నీళ్లన్నీ లోపలికి దిగాయి. వెనక అట్ట తీయగానే కుళ్లు కంపు. కుంకుమ బురద, బొద్దింకల గుడ్లు, ఎలుక కొరికిన స్పీకరు కాగితం, తీగల మధ్య అతుక్కుని ఎండిపోయిన బల్లి. కర్నూలులో నేను పనిచేసే రిపేరు దుకాణానికి ఎన్ని పాత రేడియోలు రాలేదు, ఇంత అసహ్యం ఎక్కడా చూడలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని స్పిరిటుతో కడిగాను. తుప్పు గీకి, స్పీకరుకు పల్చటి కాగితం అతికించి, బల్బుల్లాంటి కొత్త వాల్వులూ బ్యాటరీ వేశాను. బెజవాడ రేడియోలో నీ పాట అమ్మకు వినిపించాలని, అంతే.

"ఇంకమీద టెంకాయ బయట కొట్టు పెదనాన్నా" అంటే, "దేవుని నీళ్లకు పెట్టె చెడిపోతాదా? నీ తెలివి తగలెయ్య!" అన్నాడు.

నీ పాట వచ్చే సాయంత్రం ఆయన ఊరి పెద్దలను పిలిచి పంచలో కూర్చోబెట్టాడు. ఆడది మైకు ముందర పాడితే ఈ గడప తొక్కొద్దని, నీ హార్మోనియాన్ని పేడదిబ్బలోకి విసిరేసిన మనిషి మీసం దువ్వుకుంటూ ఏమన్నాడో తెలుసా? "మా పిల్లప్పా అది. ఇంట్లో అందరూ వద్దనిరి. నేనొక్కన్నే పాడనీ లే అంటి."

"నీ మనసు శానా పెద్దదప్పా" అన్నాడు పక్కింటి తిమ్మయ్య.

ఛీ! ఆ బల్లిని వేళ్లతో పీకినప్పుడు కూడా నాకంత రోత పుట్టలేదు.

అమ్మ విన్నదా అని అడిగావు. ఇంతసేపూ ఆ మాట దాటేస్తూ వచ్చాను. రేడియోలో నీ పేరు చెప్పారు. నువ్వు రాగం ఎత్తుకోగానే పెదనాన్న తొడ చరిచాడు. నేను పెట్టె వెనక చెయ్యి పెట్టి ఒక వాల్వు పీకేశాను. "పాత పెట్టె, మళ్లీ పోయింది" అన్నాను. "పదిమందిలో నా తల తీసేస్తివి కదరా" అని ఆయన తిట్టుకుంటూ లేచాడు. వచ్చినవాళ్లూ వెళ్లిపోయారు. అప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో!

వంటింటి తలుపు చాటున నిలబడి అంతా చూసిన అమ్మ, చాప తెచ్చుకుని రేడియో ముందు కూర్చుంది. "వాళ్లు పోయినారు లేప్పా. ఇప్పుడు పెట్టు. పాప ఆపిన కాడి నుంచి పాడతాది."

రేడియో ఎవరి కోసమూ ఆగదని, ఆ పాట అప్పటికే అయిపోయిందని తెలిసీ వాల్వు మళ్లీ పెట్టాను. ఎవరో వేరుశెనగ తెగులు గురించి మాట్లాడుతున్నారు. అమ్మ కదలకుండా అది వింది, వార్తలు వింది, రేడియోలో అన్నీ అయిపోయేదాకా వింది. చివరికి, "పాపకు ఈపొద్దు గొంతు బాగలేదేమో" అని చాప చుట్టుకుని లోపలికి పోయింది.

అక్కా, పెదనాన్న మీద రోత తగ్గలేదు. ఇప్పుడు నా మీద కూడా పుట్టింది. పంట పని కాగానే అమ్మను బెజవాడకు తీసుకొస్తాను, ఎదురుగా కూర్చుని పాడు.

రాత్రిపూట మిరియాల పాలు తాగమని, గొంతు కుదురుకునేదాకా పాడొద్దని అమ్మ నీకు రాయమంది. రాస్తున్నాను.

ఇట్లు,
నీ పాటను మధ్యలో తుంచిన తమ్ముడు,
మహానంది