చప్పట్లు వినిపించిన ఇళ్ళు

బోధన్ తాలూకా,
నవంబరు 1968

మీ పాదాలకు నమస్కరించి శ్యామల వ్రాసేది. ఇక్కడ పిల్లలూ నేనూ కులాసా. మీరూ కులాసాగానే ఉన్నారనుకుంటున్నాను, ఆ కడుపునొప్పి తప్ప. అక్కడ కొల్హాపూర్‌లో కారం మానమంటే మానరు, మజ్జిగ తాగమంటే తాగరు, మళ్ళీ నొప్పి అని నాకే రాస్తారు.

చెరకు సంగతి అడిగారు. చెరకు కొట్టుకురమ్మని ఫ్యాక్టరీ చిట్టీ వచ్చింది, మొన్నటి నుంచి బండ్లు కడుతున్నాం. వేల్పూర్ వాళ్ళు వచ్చి పెద్దదాన్ని చూసి వెళ్ళారు. అంజవ్వ నచ్చిందన్నారు. వాళ్ళున్నంతసేపూ చిన్నదాన్ని, సాయవ్వను, వెనక గదిలో ఉంచావా అని మీరు అడిగారు కదా. ఉంచాను. ఈడొచ్చినా బుద్ధి ఎదగని పిల్ల, తలుపెందుకు మూశావని అడగడం కూడా దానికి రాదు.

పంచాయతీలో ఆడ మెంబరు అయ్యానంటే నవ్వారు మీరు. ఇప్పుడు నాకో పని పడింది. సాయవ్వ లాంటి వాళ్ళ కోసం పాత చెరకు కాటా గదిలో పగటిపూట ఒక పంతులమ్మను, వండిపెట్టే మనిషిని పెట్టాలని ఆలోచన. అలాంటివాళ్ళు ఊళ్ళో ఉన్నారని తేలితేనే పంచాయతీ సమితి ఒప్పుకుంటుంది. లేదంటే ఆ గది ఎరువుల గోదాము అవుతుంది. కార్యదర్శి షరీఫ్ సాబు, నేను ఇల్లిల్లూ తిరిగాం. సాయవ్వను ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్ళాను.

ఏ గడపలో అడిగినా ఒకటే మాట. "మా ఇంట్ల గసొంటోళ్లు ఎవ్వరు లేరమ్మా." సర్పంచు కొమురయ్య అయితే కసురుకున్నాడు. "ఊరి ఇజ్జతు దీస్తున్నరు. ఎవ్వరు లేరని రాసి పంపుండ్రి."

సాయవ్వ సంగతి తెలుసుగా, ఏమీ తోచకపోతే బతుకమ్మ చప్పట్లు కొడుతుంది. మొదటి ఇంటి వాకిట్లోనే కొట్టి, ఆగింది. లోపల మూసిన గదిలోంచి అవే చప్పట్లు, అదే వరసలో తిరిగి వచ్చాయి. ఆ ఇంటావిడ గది తలుపుకు అడ్డం వచ్చింది. "ఎలుకలమ్మా" అంది. తర్వాత మరో ఇంట్లో, ఇంకో ఇంట్లో. ఒకచోట గట్టిగా, ఒకచోట తలుపు వెనకే నిలబడి కొట్టినంత మెల్లగా. వీధిలో ఆడే బతుకమ్మను గదిలోంచే విని నేర్చుకున్నారు కాబోలు.

చివరికి కొమురయ్య ఇంటికి వెళ్ళాం. కొడుకూ కోడలూ నిజామాబాద్‌లో ఉంటారు, ఇంట్లో ఆయనా భార్య నాగవ్వా తప్ప ఎవరూ లేరు. ఇద్దరూ మా ఎదురుగానే నిలబడ్డారు. చప్పట్లు ఆయన తమ్ముడు, సాయవ్వ లాంటివాడే, ఎర్రన్న గదిలోంచి వచ్చాయి. కొన్నేళ్ళ కింద రెంజల్ చుట్టాలింట్లో పోయాడని, అక్కడే మట్టి చేసి వచ్చామని వీళ్ళు ఊరందరికీ చెప్పిన ఆ ఎర్రన్నే. దినాల భోజనానికి మీరూ వెళ్ళారు. సాయవ్వ నవ్వి మళ్ళీ కొట్టింది. మళ్ళీ జవాబు వచ్చింది. దాన్ని ఇంటికి లాక్కొచ్చి, పొద్దుగూకేదాకా దాని చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఇక మీకు ముందే చెప్పవలసింది, ధైర్యం చాలక ఇంతదాకా ఆపాను. నిన్న మీటింగులో "ఎవ్వరు లేరు" అని తీర్మానం రాయబోతుంటే నేను లేచాను. "మా సాయవ్వ ఉన్నది, రాయుండ్రి" అన్నాను. వేల్పూర్ సంబంధం ఖాయమయ్యేదాకా దాని పేరు బయటికి రానివ్వద్దని మీరు ఎంత గట్టిగా రాశారో మరిచిపోలేదు. అంజవ్వకు చెబితే ఏడ్చింది, తర్వాత చెల్లెలికి తల దువ్వింది. మీ కోపమంటే నాకు భయమే. కానీ ఆ గదుల్లో చప్పట్లు విన్నాక నా పిల్ల మీద తలుపు వేయలేను.

అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కొమురయ్య, షరీఫ్ సాబు, నేను మిగిలాం. కొమురయ్య నా వైపు చూడకుండా అడిగాడు.

"మా ఇంట్ల సప్పట్లు ఇన్నవు గద చెల్లె?"

"ఇన్న అన్నా."

"ఎర్రన్న సావలేదు. మా పోరని లగ్గం గావాలెనని సచ్చిండని జెప్పినం. దినాలు జేసినం. ఎర్రన్న గూడ లోపట గూసోని ఆ దినాల అన్నమే తిన్నడు."

షరీఫ్ సాబు సాయవ్వ పేరు కింద ఎర్రన్న పేరు రాసి, వయసెంత అని అడిగాడు. పోయాడన్నప్పటి వయసు చెప్పాలో, ఇప్పటిది చెప్పాలో కొమురయ్యకు తోచలేదు.

"వాన్ని తోల్కొనొస్త. మీరే సూసి రాయుండ్రి" అన్నాడు.

ఇట్లు,
మీ శ్యామల,
అంజవ్వ తల్లి, సాయవ్వ తల్లి.