దిద్దని ఫొటో

నాన్నకి,

నీ కూతురు ప్రవల్లిక నమస్కరించి రాస్తున్న ఉత్తరం. అండమాన్‌లో నువ్వు ఎండన పడకుండా, వేళకి అన్నం తింటూ బాగున్నావని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం అని రాసి, దానిమీద గీత కొట్టాను. కాగితం మారుద్దామనుకున్నాను గానీ, ఉండనీ అనిపించింది. ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు. రేపు మీ సైటుకే వస్తున్న యువరాజు మావయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. జీడితోటలో పూత బాగానే వచ్చింది, మంచుకి కొంత మాడింది. కొబ్బరికాయలు దింపించాం. మోటారు బాగైంది, నాగరాజు బాబాయే దగ్గరుండి చేయించాడు. "పోన్లో పొటో తియ్యడానికి నేర్పీదేటే, నొక్కడమే కదేటి" అని నవ్వావు కదూ. నేనూ అలాగే అనుకుని ఆ ఫొటోల క్లాసుకి వెళ్లాను.

కాశీబుగ్గలో మాకు నేర్పే మన్మథరావు గారు రీలు కెమెరాల కాలం నుంచి పెళ్లిళ్లు తీసిన మనిషి. మొదటి వారమంతా ఫోన్లు ముట్టనివ్వలేదు. "ముందు ఎలుగు సూడండమ్మా. కిటికీ పక్కని కూకోబెట్టి తీత్తే మొగంలో ఎత్తూపల్లం తెలుత్తాది. గుమ్మానికి ఎదురుగా కూకోబెడితే అన్నీ సదునైపోతాయి" అని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి చూపించారు. అప్పట్నుంచి బస్సులో ఎదుటి సీటు వాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవడం అలవాటైపోయింది. ఒకావిడ నన్ను కసిరింది కూడా.

ఫొటోలు దిద్దడం టెక్కలి నుంచి వచ్చే కామాక్షి గారు నేర్పుతారు. ఆవిడా పాత స్టూడియో మనిషే. మన ఉద్దానంలో ఆ పని ఎక్కువగా దేనికి పడుతుందో నీకు తెలుసు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకి. కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఇంట్లో దొరికేది ఆఖరి రోజుల్లో తీసిన ఫొటోయే. మొహం ఉబ్బి, రంగు దిగిపోయి ఉంటుంది. "పూర్వం ఉన్నట్టు సెయ్యండమ్మా" అని బతిమాలతారు. కళ్ల కింద వాపు తగ్గించాలి, దవడ సన్నం చెయ్యాలి, ఒంటికి కాస్త పసుపు ఛాయ కలిపి నుదుటిమీద వెలుగు పెట్టాలి. ఆ పనిలో నా చెయ్యి బాగా కుదిరింది. ఒక ముసలాయన తన భార్య ఫొటో చూసి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాకు గర్వంగా అనిపించింది నాన్నా.

ఇక దాచలేను. అమ్మకి రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగా పెరిగిందని తేలింది. డయాలసిస్ మొదలుపెట్టాలి, మీ నాన్నని పిలిపించుకోండి అన్నారు డాక్టరు గారు. అమ్మ ఆటోలోనే నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నకి సెప్పకే. స్లాబు పనవ్వనీ. ఈ వాపు కనపడకుండా ఓ పొటో తీసి పంపీ. నీకొచ్చు కదా."

నాకొచ్చు. గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టి తీశాను. తర్వాత ఫ్లెక్సీలకి చేసేదంతా అమ్మకి చేశాను. మీ దగ్గర సిగ్నల్ లేక వీడియో కాల్ నిలవదు కాబట్టి నువ్వు ఆ ఫొటోనే నమ్మావు. "మీ అమ్మ తేరుకుంది, ఇంక తొందర్లేదు" అని, అమ్మకి నీరసమని విని తీసుకున్న టికెట్ వెనక్కి జరిపావు. అమ్మ అడిగింది కాబట్టి చేశానని చెప్పుకోవచ్చు. కానీ పంపే ముందు దాన్ని పెద్దది చేసుకుని, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. అమ్మ పక్క గదిలో ఆయాసపడుతోంది. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న క్లాసులో మన్మథరావు గారు అందరి ఫోన్లూ చూస్తూ, నా ఫోన్‌లో ఆ ఫొటో దగ్గర ఆగారు. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"పని బాగుందమ్మా. ఈవిడ ఎప్పుడు పోనాది?"

అందరూ నావైపు చూశారు. "మా అమ్మండీ. ఇంటికాడుంది" అన్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, "తప్పైపోనాదమ్మా" అని దణ్ణం పెట్టారు. అంత పెద్దాయన చేత, నా తప్పుకి దణ్ణం పెట్టించుకున్నాను. తలెత్తలేక వచ్చేశాను.

ఇంటికి రాగానే అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాను. చూసి అమ్మ తెల్లబోయింది.

"ఇదేటే, మొగమంతా ఉబ్బిపోయి పడ్డాది. దిద్దవేటి?"

"దిద్దనమ్మా. ఇది నాన్నకి."

అమ్మ ఫోను నా చేతికిచ్చేసింది. తర్వాత పైట సర్దుకుని, బొట్టు సరిచేసుకుని, "అయితే ఇంకోటి తియ్యి" అంది.

ఆ రెండోదే అచ్చు వేయించి ఇందులో పెట్టాను. దీన్ని నేనేమీ చెయ్యలేదు. చూసి బెంగపెట్టుకో, నన్ను తిట్టు, కానీ టికెట్ ముందుకి జరుపుకుని వచ్చెయ్యి నాన్నా. నేను దిద్ది పంపిన ఆ ఫొటోని మాత్రం నీ ఫోన్‌లోంచి తీసెయ్యి. అమ్మ ఇంకా బతికే ఉంది.

ఇట్లు,
నీ ముందుకి రావడానికి సిగ్గుపడుతున్న
నీ కూతురు,
ప్రవల్లిక