తొమ్మిది రాని బండి నంబరు

శుక్రవారం రాత్రి

కొత్త స్కూటీకి 9973 వచ్చింది. అంకెలు కూడితే తొమ్మిది రాలేదని నాన్న వారం నుంచి బండెక్కలేదు. లెక్కల టీచర్ని, ఊరుకుంటానా! కూడితే తొమ్మిదొచ్చే ఏ నంబరునైనా తొమ్మిది భాగిస్తుందని, మనది ప్రధాన సంఖ్యని, నాలుగంకెల వాటిలో ఇదే పెద్దదని, ఒకటీ తనూ తప్ప ఏదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదని చెప్పాను.

"అంటే గిది ఎవ్వలికీ లొంగదన్నట్టు?"

"లొంగదు నాన్నా."

వెంటనే వెనక కూర్చున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర పక్క కారు నంబరు కూడితే తొమ్మిదొచ్చింది. "పాపం, లొంగిపాయె!" అని అరిచాడు. నవ్వాపుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక నాకే భయమేసింది. ఎప్పుడో చదివింది చెప్పేశాను, నిజమేనా? నాన్న పక్కన కూర్చుంటే రెండు, మూడు, అయిదు అంటూ వరసగా భాగించాను. చివరిది తొంభై ఏడు; వంద వందలు పదివేలు కాబట్టి ఆ పైన చూడక్కర్లేదు. దానికీ శేషం మిగిలింది, డెబ్బై తొమ్మిది.

నాన్న చప్పట్లు కొట్టాడు.