అమ్మమ్మ గొంతు ఉన్న డిస్కు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు నాలుగేళ్లప్పుడు పోయిన అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తులేదని ఎప్పుడూ అనేదానివి. మొన్న ఫిజీలో పెద్దమావయ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే, తాతయ్య తనే ఇంట్లో రికార్డు చేసిన పాత గ్రామఫోన్ డిస్కు ఒకటి దొరికిందట. నాకు పంపాడు.

వాంకూవర్‌లో పాత రికార్డులు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. పైపూత ఊడిపోతోందని, సూది పెడితే ఒక్కసారే మోగుతుందని, అప్పుడే కాపీ చేసుకోవాలని చెప్పాడు. సరేనన్నాను.

గరగరల మధ్య అమ్మమ్మ పాడుతోంది. అచ్చం నీ గొంతే. ఇంతలో పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"ఉండవే చిట్టీ, ఈ పాట కానీ, ఎత్తుకుంటా" అని అమ్మమ్మ మళ్లీ పాట అందుకుంది. పాట సగంలో ఉండగానే డిస్కు అయిపోయింది.

"ఆ పాప ఎవరు?" అని అడిగాడాయన.

"మా అమ్మ" అన్నాను.

ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ కాపీనే ఫోన్‌లో విన్నాను. ఎన్నిసార్లు విన్నా, ఆవిడ నిన్ను ఎత్తుకునేదాకా రావడం లేదమ్మా.